విద్యార్థులు శ్రద్ధగా విందురు

బీఈడీ వాళ్లు రాసే లెసన్ ప్లాన్‌లో నిలువు గీతలు కొట్టిన గడులుంటాయి. ఒకదాంట్లో చెప్పబోయే అంశం, ఒకదాంట్లో ఉపాధ్యాయుడు చేసే పని, ఇంకోదాంట్లో విద్యార్థులు చేసే పని, చివర నల్లబల్ల మీద రాసేది. మిగతావన్నీ మన చేతిలో పనులే కాబట్టి ఇబ్బంది లేదు. విద్యార్థుల గడి దగ్గరికొచ్చేసరికే పెన్ను ఆగిపోతుంది. ఇంకా మొహం చూడని పిల్లలు ఇంకా చెప్పని పాఠం విని ఏం చేస్తారో ముందురోజు రాత్రే రాసేయాలి. పంచాంగం రాసేవాళ్లకైనా గ్రహాల ఆసరా ఉంటుంది, మాకు అదీ లేదు. అందుకని ఛాత్రోపాధ్యాయులు తరతరాలుగా ఆ గడిలో ఒకే వాక్యం రాస్తూ వస్తున్నారు: విద్యార్థులు శ్రద్ధగా విందురు. మా సీనియర్ల రికార్డుల్లో అదే, వాళ్ల సీనియర్ల రికార్డుల్లోనూ అదే. నాది ఇంగ్లీషు మెథడాలజీ కాబట్టి అదే మాటను ఇంగ్లీషులో రాసేవాణ్ణి. ఏ భాషలో రాసినా అది కల్పనా సాహిత్యమే.

ఆ వాక్యాన్ని నమ్మేంత అమాయకత్వం మాకు మైక్రో టీచింగ్ వల్ల అబ్బింది. 1960ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి అది. మన దేశానికి వచ్చాక దానికి నిమిషాల లెక్కతో ఒక చక్రం కట్టారు. ఆరు నిమిషాలు పాఠం చెప్పాలి, ఆరు నిమిషాలు దాని మీద విమర్శ వినాలి, పన్నెండు నిమిషాల్లో ప్లాన్ మార్చుకోవాలి, మళ్లీ ఆరు నిమిషాలు చెప్పాలి, మళ్లీ ఆరు నిమిషాలు వినాలి. మొత్తం 36 నిమిషాలు. పాఠం చెప్పేదీ మేమే, పిల్లలమై బెంచీల్లో కూర్చునేదీ మేమే. ఇద్దరు బిడ్డల తల్లి ఒకావిడ ఏడో తరగతి పాపగా ముందు బెంచీలో కూర్చుని, అడగకముందే చెయ్యెత్తి, "ఎస్ సర్, ఐ నో సర్" అనేది. ఆమె వెనకాల గడ్డం మాసిన బాలుడొకడు నోట్సు రాసుకునేవాడు. అంత బుద్ధిమంతులైన పిల్లలు ఏ బడిలోనూ దొరకరు. కారణం భక్తీ కాదు, శ్రద్ధా కాదు. తర్వాతి వంతు వాళ్లది. నా క్లాసులో వాళ్లు కొంటె ప్రశ్న వేస్తే వాళ్ల క్లాసులో నేను వేస్తాను.

ఇక రికార్డు మొత్తానికీ ఇష్టదైవం హెర్బార్ట్. 1776లో పుట్టి 1841లో పోయిన జర్మన్ తత్వవేత్త. ఆయన పేరు మీద ఐదు సోపానాలున్నాయి, ప్రతి పాఠమూ వాటి మీదుగా ఎక్కాల్సిందే. నిజానికి ఆయన చెప్పినవి నాలుగే. తర్వాత వచ్చిన శిష్యులు జిల్లర్, రైన్ అనేవాళ్లు వాటిని విడదీసి, పేర్లు మార్చి ఐదు చేశారు. గురువు చెప్పింది ఒకటి, శిష్యులు నోట్సులో రాసుకుంది ఇంకొకటి అన్నమాట. ఈ సంగతి తెలిశాక హెర్బార్ట్ మీద నాకు జాలి కలిగింది. ఇంకో సంగతి తెలిశాక ఆ జాలి పోయింది. ఆయనకు పాఠాలు చెప్పడంలో చేయి తిరిగింది స్విట్జర్లాండులో, ఇంటర్‌లాకెన్ గవర్నరు ఇంట్లో, ఆ గవర్నరుగారి ముగ్గురు కొడుకులకు. ముగ్గురంటే ముగ్గురే! నాకిచ్చిన తొమ్మిదో తరగతి 'బి' సెక్షన్‌లో ఒక్క బెంచీకి నలుగురు. ఆయనకు బయట ఆల్ప్స్ కొండలు, నాకు కిటికీలోంచి మధ్యాహ్న భోజనం వంటషెడ్డు, దాని రేకుల మీద కోతుల సంసారం.

బడి నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలని 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలు చెబుతున్నాయి. హెడ్మాస్టరుగారు మా బృందాన్ని ఆప్యాయంగా ఆహ్వానించి, ఒక్కటే షరతు పెట్టారు. "పదో తరగతి జోలికి మాత్రం పోవద్దు. మిగతా బడంతా మీదే." ఎస్సెస్సీ ఫలితాలు పేపర్లో పడతాయి, తొమ్మిదో తరగతి ఫలితాలు ఎక్కడా పడవు. కాబట్టి మా ప్రయోగాలకు తొమ్మిది దాకా హద్దు గీశారు. న్యాయమే. నేను హెడ్మాస్టరునైనా అదే గీస్తాను.

ఇంగ్లీషు సారు నన్ను చూసి నిజంగానే సంతోషించారు. "దేవుడు పంపినట్టు వచ్చినవ్ తమ్మీ" అని చాక్‌పీసుల డబ్బా నా చేతిలో పెట్టి, తాను మండల కేంద్రంలో ట్రైనింగ్‌కి వెళ్లిపోయారు. ట్రైనింగ్ ఎప్పుడో పూర్తయిన మనిషి ట్రైనింగ్‌కి వెళ్లడం, ట్రైనింగ్‌లో ఉన్నవాడు క్లాసుకి వెళ్లడం విద్యాశాఖలో మామూలే. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి చిన్న ఉపదేశం చేశారు. "తెలుగుల చెప్పు, ఇంగ్లీషుల రాయించు, ఆగం కాకు." కాలేజీలో మా లెక్చరరుగారి ఉపదేశం దీనికి పూర్తిగా అడ్డం. ఇంగ్లీషు పీరియడ్‌లో నోట తెలుగు ముక్క వస్తే మార్కులు పోతాయన్నారు ఆయన. మార్కులు వేసేది లెక్చరరుగారు కాబట్టి నేను ఇంగ్లీషుకే కట్టుబడ్డాను.

క్లాసులో అడుగు పెట్టగానే "గుడ్ మాఆర్నింగ్ సాఆఆర్" అని రాగం తీశారు. ఆ రాగం రాష్ట్రమంతటా ఒకటే. ఎవరు స్వరపరిచారో గానీ ఎక్కడా అపశ్రుతి ఉండదు. కూర్చోమన్నాను ఇంగ్లీషులో. కూర్చున్నారు. పుస్తకాలు తెరవండి, మొదటి యూనిట్‌కి వెళ్లండి, పైనున్న బొమ్మ చూసి మీకు తోచింది చెప్పండి అని, లెసన్ ప్లాన్‌లో రాసుకున్న పొడుగాటి వాక్యాన్ని చేతులు ఊపుతూ ఇంగ్లీషులో అప్పజెప్పాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది. అందరూ నన్ను కాదు, రెండో బెంచీ చివర కూర్చున్న అమ్మాయిని చూశారు. ఆ అమ్మాయి నావైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, "బుక్కు తియ్యమంటుండు" అంది. పుస్తకాలన్నీ తెరుచుకున్నాయి.

ఆ క్లాసుకి అధికారిక దుబాసీ ఆమెనట. ఆరో తరగతి నుంచీ ఆ పదవిలో ఉంది. నేను నాలుగు వాక్యాలు చెబితే ఆమె నాలుగు మాటల్లో తేల్చేసేది. ఒకరోజు వెనక బెంచీల్లో గోల ఎక్కువైతే, ఇతరుల చదువుకు ఆటంకం కలిగించకుండా దయచేసి కాసేపు నెమ్మదిగా ఉంటే అందరికీ మంచిదని, కాలేజీలో నేర్పిన మర్యాదంతా గుప్పించి చెప్పాను. ఆమె తలైనా తిప్పకుండా "సప్పుడు చెయ్యొద్దంటుండు" అంది. గోల ఆగింది. కొన్నాళ్లకు నాకే అలవాటైపోయి, వాక్యం సగంలో ఉండగానే ఆమెవైపు చూడటం మొదలుపెట్టాను. ఆమె జలుబు చేసి బడికి రాని రోజు మాత్రం నల్లబల్ల మీద బొమ్మలేసుకుని గడిపాను.

పిల్లలకు ఇంగ్లీషు రాదనడం అన్యాయం. బయటికి వెళ్లడానికి కావలసిన ఇంగ్లీషు అందరికీ వచ్చు. మంచినీళ్లకి, ఒంటేలుకి, చాక్‌పీసుకి, పక్క సెక్షన్‌లో ఉన్న జామెట్రీ బాక్సుకి, ఊరి నుంచి వచ్చిన మామకి అన్నిటికీ "మే ఐ గో" అని మొదలయ్యే నిర్దుష్టమైన వాక్యాలు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటాయి. అవసరం ఉన్నచోట భాష దానంతటదే వస్తుందని కాలేజీలో ఒక సెమిస్టరంతా చెప్పారు. కాకపోతే ఆ అవసరమంతా క్లాసు బయటే ఉంది.

మొదటి యూనిట్ పేరు హాస్యం. అందులో తొలి పాఠం వైకం ముహమ్మద్ బషీర్ రాసిన 'పాము–అద్దం' కథ. బషీర్ మలయాళంలో రాసింది ఇంగ్లీషు మీదుగా మా బడికొచ్చి, రెండో బెంచీ అమ్మాయి నోట తెలుగవుతుందన్నమాట. కథలో ఒక కుర్ర హోమియోపతి డాక్టరు. కరెంటు లేని అద్దె గది, పైన ఎలుకలు. రాత్రి అద్దం ముందు కూర్చుని తన అందానికి తానే మురిసిపోతూ, రోజూ గడ్డం గీసుకోవాలనీ, సన్నమీసం పెంచాలనీ, డబ్బున్న లావుపాటి లేడీ డాక్టర్ని పెళ్లాడాలనీ పథకాలు వేసుకుంటుంటాడు. లావుగా ఎందుకంటే, ఏదైనా తప్పు చేసి పారిపోతే వెంటపడి పట్టుకోలేకుండా. అప్పుడు పైకప్పు నుంచి పాము జారి, కుర్చీ మీదుగా వచ్చి ఎడమచేతికి చుట్టుకుంటుంది.

ఈ పాఠానికి నా ప్లాన్‌లో లక్ష్యం: విద్యార్థులు హాస్యాన్ని ఆస్వాదిస్తారు. 1956లో బ్లూమ్ అనే ఆయన విద్యా లక్ష్యాలకు మెట్లు కట్టినప్పటి నుంచీ ఏ పాఠమూ లక్ష్యం లేకుండా మొదలు కాకూడదు. నవ్వడానికైనా స్పష్టీకరణలు రాయాలి. ఎక్కడ నవ్వుతారో కూడా నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. ముందు మాత్రం మోటివేషన్ ప్రశ్నలు వేయాలి. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి పాఠం పేరును పిల్లల నోటే పలికించాక, "ఎస్, టుడే వియ్ ఆర్ గోయింగ్ టు లెర్న్" అని ప్రకటించాలి. ఇది ఆచారం.

"పొద్దున్నే బడికి బయలుదేరే ముందు రోజూ దేన్ని చూస్తారు?" అని ఇంగ్లీషులో అడిగాను. రావలసిన జవాబు అద్దం.

"బర్రె సార్."

"వెరీ గుడ్. ఇంకా?"

"బస్సు సార్."

"గుడ్. మీ మొహం కనిపించాలంటే దేన్ని చూస్తారు?"

"సెల్లు సార్." సెల్ఫీ కెమెరా వచ్చాక ఈ ప్రశ్నకు కాలం చెల్లిందని హెర్బార్ట్‌కి ఎలా తెలుస్తుంది? చివరికి సంచిలోంచి అద్దం తీసి చూపించేశాను. ఎనిమిదిమంది లేచి తల దువ్వుకున్నారు. ఆ వెంటనే బోధనోపకరణం నంబరు రెండు తీశాను. చెరువుగట్టు జాతరలో మా మేనల్లుడి కోసం కొన్న రబ్బరు పాము. నల్లగా, పడగ విప్పి, తోక పట్టుకుంటే ఊగుతూ ఉంటుంది. అక్కడితో నా లెసన్ ప్లాన్ పని అయిపోయింది.

నేను చెబుతున్నది హోమియో డాక్టరుకి, పైగా మలయాళ కథలో డాక్టరుకి జరిగిన సంగతి. క్లాసులో ఉన్నవాళ్లు మాత్రం పొద్దున లేస్తే బాయికాడ పాముల మధ్య తిరిగేవాళ్లు. ఇది తాచే గాని పడగ మీద గీత తప్పేశారని ఒకడు తేల్చాడు. జెర్రిపోతుకీ దీనికీ తేడా ఏమిటో ఇంకొకడు బెంచీ ఎక్కి వివరించాడు. మా నాయిన కట్లపామును చీకట్లో కాలితో తొక్కి కూడా బతికాడని ఒక అమ్మాయి చెబితే, "అయితే అది కట్లపాము కాదు" అని మూడు బెంచీలు ఏకగ్రీవంగా తీర్మానించాయి. డాక్టరు ఎడమచేతికే చుట్టుకుందని చెప్పగానే, "మంచిదే సార్, కుడిచేత్తోటి కట్టె పట్టొచ్చు" అని ఊరట చెందారు. అంత చర్చా తెలుగులోనే జరిగింది. దుబాసీ ఖాళీగా కూర్చుంది.

అందులో కిటికీ పక్కన కూర్చునే పిల్లాడు ఒకడు, అప్పటిదాకా నా క్లాసులో నోరు తెరవనివాడు, లేచి నిలబడ్డాడు. "సార్, ఆయన డాక్టర్ గదా. రూంల పాము మందు లేదా?" అని అడిగాడు. నేను పుస్తకం వైపు చూశాను. బషీర్ కథలో డాక్టరు, చేతి మీద పాముతో కదలకుండా కూర్చుని, మనసులో వేసుకునే ప్రశ్న అదే. మేమింకా ఆ పేజీకి రాలేదు. ఆ కుర్రాడు పుస్తకం తెరవలేదు కూడా, ఎందుకంటే అతని పుస్తకం పక్కవాడి దగ్గర ఉంది. ఇదిగో, ఇది రాయడానికే నా ప్లాన్‌లో గడి లేదు. ఆ రాత్రి రికార్డులో ఎక్కడ ఇరికిద్దామా అని చూసి చూసి, చివరికి మార్జిన్‌లో రాశాను. మార్జిన్‌లో రాయకూడదని లెక్చరరుగారు ఎర్ర సిరాతో గీత కొట్టారు.

ఇక నవ్వు సంగతి. పాము అద్దంలో తన మొహం చూసుకోవడానికి డాక్టరు చేతిని వదిలి వెళ్తుంది కదా, అక్కడ నవ్వాలని గుర్తు పెట్టుకున్నాను. "మా అన్న గూడ గంట చూసుకుంటడు సార్" అన్నారు గాని నవ్వలేదు. లావుపాటి భార్య కావాలనుకున్నవాడికి పుల్లలాంటి, పరుగులో ఎవరికీ అందని భార్య దొరికిందన్నచోటా నవ్వలేదు. డాక్టరు పారిపోయాక దొంగలు గదంతా ఊడ్చుకుపోయి మాసిన బనీను ఒక్కటే వదిలేశారన్న దగ్గర మాత్రం క్లాసు పడిపడి నవ్వింది. బనీనుకు నా ప్లాన్‌లో పెన్సిల్ గుర్తే లేదు.

మా తోటి ఛాత్రోపాధ్యాయుడు అప్పుడు వెనక కూర్చుని పరిశీలన రికార్డు రాస్తున్నాడు. "కంఠస్వరం బాగుంది. నల్లబల్ల వినియోగం ఇంకా మెరుగుపడాలి" అని రాశాడు. ఆ వాక్యాన్ని అతను క్లాసుకి రాకముందే రాసుకున్నాడు. నేనూ అతనికి అదే రాశాను. ఇందులో దాపరికం ఏమీ లేదు, స్నేహధర్మం.

లెక్చరరుగారు పర్యవేక్షణకు వస్తున్నారని తెలిసిన రోజు అసలు ముచ్చట. అదే పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. నేను ఇంకా కంగారు పడకముందే ముందు బెంచీ వాళ్లు నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. "సార్, ముందుగాల బోర్డు మీద తేదీ రాయండ్రి. పోయినేడు సారుకు దాంట్లనే మార్కులు పోయినయ్." "బోర్డుకు అడ్డం నిలవడొద్దు సార్." "గుడ్ అనుకుంట ఉండాలె సార్, వాళ్లు లెక్క పెడుతరు." అప్పుడు అర్థమైంది. ఏడాదికో బ్యాచ్ చొప్పున వీళ్లు ఆరో తరగతి నుంచీ బీఈడీ సార్లను తయారుచేసి పంపిస్తున్నారు. మా కాలేజీకి గుర్తింపు ఉంది, వీళ్లకు లేదు, అంతే తేడా.

లెక్చరరుగారు వెనక కుర్చీలో సర్దుకున్నారు. "పొద్దున్నే బడికి బయలుదేరే ముందు" అని ఇంగ్లీషులో మొదలుపెట్టానో లేదో, క్లాసంతా ఒక్క గొంతుతో "మిర్రర్ సాఆఆర్!" అంది. ఇంకా ప్రశ్న పూర్తి కాలేదు. నేను ఊపిరి తీసుకునేలోగా "స్నేక్ సాఆఆర్!" అని రెండోదీ చెప్పేశారు. బనీను దగ్గర నవ్వమని నేను చెప్పకపోయినా నవ్వారు. లెక్చరరుగారు 'మోటివేషన్ అత్యుత్తమం' అని రాసి, ప్లాన్‌లో వేలు పెట్టి, "పాము ఏదీ?" అని అడిగారు. సంచిలో పాము లేదు.

చివరి బెంచీ నుంచి చెయ్యి లేచింది. "వంటకాడ డ్యూటీల ఉన్నది సార్."

పాము నిజంగానే డ్యూటీలో ఉంది. మా వైపు ఊళ్లలో కోతుల బాధ చెప్పనలవి కాదు. కూరగాయల అంగళ్ల వాళ్లు పులిబొమ్మలు, రబ్బరు పాములు పెట్టుకుని వ్యాపారం చేసుకుంటున్నారు. బడిలో గుడ్డు పెట్టే రోజు వంటషెడ్డు మీద ముట్టడి జరుగుతుంది. చివరి బెంచీ పెద్దమనుషులు ఈ సంగతి ఆలోచించి, నా సంచిలోంచి పామును తీసి వంటక్కకు అప్పగించారు. నేను వెళ్లి అడిగితే ఆమె గరిటె ఆపకుండా, "గుడ్ల ట్రే మీద పెట్టిన సారూ. ఒక్క కోతి గూడ రాలె. నీ పాము సల్లగుండ" అంది. లెక్చరరుగారు కూడా వచ్చి చూశారు. బోధనోపకరణాలు నిజజీవితానికి ఉపయోగపడాలని పుస్తకంలో ఉంది కాబట్టి ఆయన ఏమీ అనలేకపోయారు.

హెడ్మాస్టరుగారికి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. నచ్చిన ఏ వస్తువైనా బడిలో ఉండాలంటే స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. చీపుర్లకీ గ్లోబుకీ మధ్య 'రబ్బరు పాము – 1' అని స్వహస్తాలతో రాసుకుని నాతో సంతకం పెట్టించుకున్నారు. నా మేనల్లుడి ఆస్తి ఆ విధంగా ప్రభుత్వపరమైంది.

కోతులు కొద్దిరోజులు రేకుల మీద నుంచే చూశాయి. వాటిలో అవి ఏం చర్చించుకున్నాయో, ప్లాన్ ఎలా మార్చుకున్నాయో తెలియదు గాని, ఒకరోజు ఒక పిల్లకోతి దిగి వచ్చి పాము తోక పట్టుకుని లాగి చూసింది. లాగి, వేపచెట్టు చిటారుకొమ్మకు ఎత్తుకుపోయింది. పోతూ పోతూ రెండు గుడ్లు కూడా తీసుకెళ్లింది. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, రిజిస్టర్‌లో ఉన్న వస్తువు చెట్టు మీద ఉంటే ఆడిట్‌లో ఇబ్బంది అవుతుందనీ, ఏం జరిగిందో రాతపూర్వకంగా కావాలనీ అన్నారు.

ఆ వారం నేను చెప్పాల్సిన డిస్కోర్సు లేఖారచన. కలిసొచ్చిందని ఆ పని 'బి' సెక్షన్‌కి అప్పగించాను. హెడ్మాస్టరుగారికి ఇంగ్లీషులో ఉత్తరం రాయండి, పాము ఏమైందో చెప్పండి. ఆశ్చర్యం, ఎవరూ బయటికి పోతామనలేదు, పెన్ను లేదనలేదు. అందరూ తలలు వంచుకుని రాశారు. వాళ్లకు ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరం ఒక్కటే, ఆరో తరగతి నుంచీ కంఠతా పట్టిన లీవ్ లెటర్. అందులో ఖాళీలు పూరించారు. అందరిలోకీ చేతిరాత బాగున్న దుబాసీ ఉత్తరాన్ని ఆఫీసుకి పంపాం.

"రెస్పెక్టెడ్ సర్, యాజ్ అవర్ స్నేక్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ మంకీ, ఇట్ ఈజ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ది స్కూల్. సో ప్లీజ్ గ్రాంట్ లీవ్ ఫర్ టూ డేస్. థాంక్యూ సర్. యువర్స్ ఒబీడియెంట్లీ, స్నేక్, నైన్త్ బి."

హెడ్మాస్టరుగారి బల్ల మీద ఆ పూట భోజనం బిల్లులు, ట్రైనింగ్ ఉత్తర్వులు, యూనిఫాం కొలతల పట్టీలు గుట్టగా ఉన్నాయి. వాటి మధ్యలో దీన్నీ తీసి, మొదటి వరస చూసి, అలవాటు చొప్పున అడుగున 'గ్రాంటెడ్' అని రాసి సంతకం చేసి పక్కన పెట్టారు.

మధ్యాహ్నం అటెండరు ఆ కాగితం పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "సార్, ఈ స్నేక్ అనే పిలగాడు రోల్ నంబర్ ఎంత? హాజరు పట్టీల సెలవు వెయ్యాలె."